వచ్చిన దారినే వెనక్కి: అంగడి ఖాతాలో పడ్డ పరాయి సొమ్ము, కాలదోషం పట్టిన నోటు

చదివేవాళ్లందరికీ సంగతి తెలియాలి కాబట్టి మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. అలిపిరి దగ్గర మీకు పూజాసామాను అంగడి ఉంది. శనివారం రద్దీలో ఒక యాత్రికుడు 185 రూపాయల బిల్లుకు ఫోన్‌లో యూపీఐ ద్వారా 18,500 పంపి వెళ్లిపోయాడు. సౌండ్‌బాక్సు చెప్పింది గానీ జనం గోలలో ఎవరి చెవినా పడలేదు. రాత్రి లెక్క చూసుకుంటే తేలింది. మర్నాడు ఫోన్ వచ్చింది: "మా నాన్న పొరపాటున వేశారు, ఈ నంబరుకు తిరిగి పంపండి" అని. ఆ నంబరు డబ్బు వచ్చిన నంబరు కాదు. మీ బావమరిదేమో "హుండీలో వేసేయ్ బావా, పాపం అంటదు" అంటున్నాడు. ఇది కాక ఇంకొకటి అడిగారు. ఎనిమిదేళ్ల కిందట మీ నాన్న చిత్తూరులో ఒకాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 60,000 తీసుకుని ప్రోనోటు రాసిచ్చారు. ఇప్పుడు నాన్న లేరు. నోటుకు కాలదోషం పట్టింది, అంటే దావా వేసే గడువు దాటింది, కట్టక్కర్లేదని లాయరు అన్నాడు.

రెండింటిలోనూ డబ్బు ఇవ్వాల్సిందే. ఇందులో నాకు సందేహం లేదు, మీకూ ఉన్నట్టు లేదు. ఉంటే అడిగేవారే కారు. అసలు చిక్కు ఎవరికి, ఏ దారిలో ఇవ్వాలన్న దగ్గర ఉంది. మంచి మనసుతో తప్పు మనిషికి ఇచ్చి, అసలు మనిషికి మళ్లీ కట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పోవాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని, డబ్బు నిజంగా వచ్చిందో లేదో చూడటం. మీ విషయంలో రాత్రి లెక్కలో తేలింది కాబట్టి వచ్చే ఉంటుంది. అయినా బ్యాంకు ఖాతా తెరిచి, నిల్వ ఎంత పెరిగిందో కళ్లారా చూడండి. "మీ ఖాతాలో జమ అయింది" అనే మెసేజీని బ్యాంకే పంపనక్కర్లేదు. మామూలు ఫోన్ నంబరు నుంచి ఎవరైనా రాసి పంపగలరు. స్క్రీన్‌షాట్ దిద్దడం అంతకంటే సులువు. డబ్బు రాకుండానే "పొరపాటున పంపాను, తిరిగి వేయండి" అని ఏడ్చేవాళ్లు ఈ కనికరం మీదే బతుకుతున్నారు. వ్యాపారి ఖాతా అయితే యాప్‌లో కనబడ్డ మొత్తం, బ్యాంకుకు చేరిన మొత్తం రెండూ చూడండి. అమ్మకాల డబ్బు కొన్నిసార్లు మర్నాడు గానీ బ్యాంకులో పడదు. ఇంకొకటి: డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే అది మీ ఖాతాలోంచి డబ్బు పోయే దారి.

ఇక ఫోన్ చేసినతను. అతను మోసగాడని నేననను. డబ్బు పంపిన ఫోన్‌లో మీ అంగడి పేరు, మీ యూపీఐ ఐడీ కనబడతాయి. చాలామంది ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. కాబట్టి నిజంగా కొడుకే చేసి ఉండొచ్చు. అయితే ఆ రోజు మీ అంగడిలో నిలబడి సౌండ్‌బాక్సు విన్న ఇంకెవరైనా చేసి ఉండొచ్చు కూడా. తేల్చుకోవాలంటే వివరాలు అతని చేతే చెప్పించండి, మీరు పలకొద్దు. ఎంత పంపారు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఏ బ్యాంకు నుంచి, ఖాతా ఎవరి పేరున ఉంది, 12 అంకెల లావాదేవీ నంబరు ఎంత అని అడగండి. ఆ నంబరు పంపినవారి యాప్‌లోనూ ఉంటుంది, మీ యాప్‌లోనూ ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. చాలామంది అంగడివాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. "అవునండీ, శనివారం సాయంత్రం 18,500 పడింది, పేరు ఫలానా" అని మొత్తం వాళ్లే అప్పజెప్పి, ఆ తర్వాత "మీదేనా?" అని అడుగుతారు. అప్పుడు ఎవరైనా నాదే అంటారు. యాత్రికుడు తమిళుడో కన్నడిగుడో అయితే తిరుపతి అంగళ్లలో ఆ భాష వచ్చినవాళ్లకు కొదవ లేదు. వాళ్ల భాషలోనే అడిగించండి. తొందరలో ఉన్న మనిషి అర్థం కాక తడబడితే దాన్ని అబద్ధం అనుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికీ సరైన జవాబులు వచ్చాయనుకుందాం. అప్పుడు కూడా ఆ వేరే నంబరుకు వేయొద్దు. సొమ్ము నాన్నది, కొడుకుది కాదు. ఆ ఇంట్లో నాన్నకూ కొడుక్కూ పొసగడం లేదేమో మీకు తెలియదు. రేపు ఆ పెద్దాయన బ్యాంకులో ఫిర్యాదు ఇస్తే, "మీ అబ్బాయికి ఇచ్చాను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకు పోయిందని కాగితం చూపగలిగితేనే మీ బాధ్యత తీరినట్టు. ఫోన్‌లో కఠినంగా చెప్పనక్కర్లేదు. "మీ నాన్నగారి ఖాతాకే తిరిగి వేస్తాను, వేయగానే నంబరు పంపుతాను" అంటే నిజమైన మనిషి సంతోషిస్తాడు. "ఆ ఖాతా పనిచేయడం లేదు, అర్జెంటు, ఆసుపత్రిలో ఉన్నాం, ఇప్పుడే వేయకపోతే పోలీసులకు చెబుతాం" అని ఒత్తిడి పెంచేవాడి సంగతి తర్వాత చెబుతాను.

తిరిగి వేసే పద్ధతి మీ క్యూఆర్ ఎలాంటిదన్నదాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారి క్యూఆర్ అయితే ఆ కంపెనీ వ్యాపారి యాప్‌లో ఆ లావాదేవీని తెరవండి. చాలా యాప్‌లలో అక్కడ రీఫండ్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి పోతుంది. నంబరు తప్పు కొట్టే అవకాశమే లేదు. మొత్తంలో కొంతే వెనక్కి పంపే వీలుంటే 18,315 అని కొట్టండి. మీ 185 మీకు ఉంటుంది. ఆ వీలు లేకపోతే 18,500 పూర్తిగా పంపేసి, సామాను 185 వేరుగా వేయమని అడగండి. ఆయన వేయకపోతే పోయేది 185. డబ్బు ఇప్పటికే మీ బ్యాంకుకు చేరిపోయి ఉంటే రీఫండ్‌కు యాప్‌లో సరిపడా నిల్వ లేదని చూపొచ్చు. అలాంటప్పుడు తర్వాతి అమ్మకాలు జమ అయ్యాక మళ్లీ ప్రయత్నించండి, లేదా కంపెనీ సహాయ నంబరుకు చెప్పి నమోదు చేయించండి. రీఫండ్ నంబరు రాసిపెట్టుకోండి. అటువైపు పడటానికి కొన్ని పనిదినాలు పట్టొచ్చని పెద్దాయనకు ముందే చెప్పండి, లేకపోతే రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి.

రీఫండ్ మీటే వాడమనడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డును కూడా యూపీఐకి కలుపుకుంటున్నారు. ఆయన కార్డు మీద చెల్లించి ఉంటే, మీరు ఆయన ఫోన్ నంబరుకు మామూలుగా పంపిన డబ్బు పొదుపు ఖాతాలో పడుతుంది. కార్డు బాకీ మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. ఆయన అది గమనించకపోతే గడువు దాటి వడ్డీ పడుతుంది. మేలు చేయబోయి నష్టం చేసినట్టవుతుంది.

మీది సొంత ఖాతా క్యూఆర్ అయితే రీఫండ్ మీట ఉండదు. యాప్ చరిత్రలో ఆ లావాదేవీని తెరిచి, అక్కడి నుంచే ఆ మనిషికి పంపే వీలుంటే అలా పంపండి. ముందు 1 రూపాయి వేసి, తెర మీద కనబడే బ్యాంకు నమోదు పేరు, వచ్చినప్పటి పేరు ఒకటేనా చూసి, ఆయనకు చేరిందని తెలిశాక మిగతాది వేయండి. రిమార్కులో "పొరపాటు సొమ్ము వాపసు" అని పాత లావాదేవీ నంబరుతో రాయండి.

ఏదీ కుదరకపోతే మీ బ్యాంకు శాఖకు వెళ్లండి. నోటితో చెప్పి వచ్చేయొద్దు, అర్జీ ఇవ్వండి. ఇంత రాస్తే చాలు: "నా ఫలానా ఖాతాలో ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా నంబరు లావాదేవీ ద్వారా 18,500 జమ అయింది. ఇందులో 185 నా అంగడి బిల్లు. మిగతా 18,315 పంపినవారి పొరపాటు వల్ల వచ్చింది. దాన్ని వాడుకోలేదు. పంపినవారి బ్యాంకును సంప్రదించి ఆ మొత్తాన్ని అదే ఖాతాకు తిరిగి జమ చేయడానికి నా సమ్మతి తెలుపుతున్నాను." రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. ఆ సమ్మతి వాక్యమే ముఖ్యం. పంపినవాడు తప్పు ఖాతాకు వేస్తే, తీసుకున్నవాడు ఒప్పుకోకుండా బ్యాంకులు మామూలుగా డబ్బు వెనక్కి లాగవు. అటువైపు బ్యాంకు మీ బ్యాంకుకు రాయాలి, మీ బ్యాంకు మిమ్మల్ని అడగాలి, మీరు సరే అనాలి. వారాలు గడిచేది ఈ మధ్య దారిలోనే. మీరే ముందుగా సరే అని రాసిస్తే సగం దూరం తగ్గుతుంది. బ్యాంకు 30 రోజులైనా పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దాని సమాచారానికి 14448 నంబరు ఉంది.

ఇప్పుడు ఆ ఒత్తిడి పెట్టేవాడి సంగతి. మీ అంగడిలో ఏ అమ్మకానికీ పొంతన లేని మొత్తం, వేళ కాని వేళ, ముక్కూమొహం తెలియని పేరు మీద వచ్చి, వెనువెంటనే "వేరే నంబరుకు పంపు" అని ఫోన్ వస్తే అది చాలాసార్లు దొంగసొమ్ము. ఎక్కడో ఒక మనిషిని మోసం చేసి ఆయన ఖాతాలోంచి నేరుగా మీకు వేయించి, మీ చేత తమ ఖాతాకు పంపించుకుంటారు. దారి మీ మీదుగా పోయింది కాబట్టి, మోసపోయినవాడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పినప్పుడు పోలీసులకు మొదట కనబడేది మీ ఖాతా. ఆ మొత్తం మేరకు మీ ఖాతాలో నిలుపుదల పడుతుంది. ఒక్కోసారి ఖాతా మొత్తమే ఆగిపోతుంది. ఇలాంటప్పుడు మీ అంతట మీరు ఎవరికీ పంపొద్దు, కదపొద్దు. పైన చెప్పిన అర్జీనే బ్యాంకులో ఇచ్చి, మీ పరిధిలోని పోలీసు స్టేషన్‌లోనూ ఒక ప్రతి ఇవ్వండి. ఖాతా ఇప్పటికే ఆగి ఉంటే ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రంలో ఏ స్టేషన్ అన్నది బ్యాంకును అడిగి తీసుకుని, ఆ దర్యాప్తు అధికారికి బిల్లులతో సహా రాయండి. అంగడి బిల్లు పుస్తకం సరిగ్గా ఉన్నవాడు ఇక్కడ త్వరగా బయటపడతాడు.

మీ సంగతి ఈ కోవలోది కాదనే నా లెక్క. 185కి వెనక రెండు సున్నాలు కలిసిన అంకె అది, అమ్మకమూ జరిగింది. కాబట్టి నిశ్చింతగా తిరిగి వేయొచ్చు. వేసేదాకా మాత్రం ఆ డబ్బును గల్లా లెక్కలో కలపకండి. ఆ ఖాతాకు ఈఎంఐ కోత గానీ సరుకువాళ్లకు ఇచ్చిన చెక్కు గానీ ఉంటే ముఖ్యంగా జాగ్రత్త. మీరు ఖర్చు పెట్టకపోయినా అది తినేస్తుంది. నిల్వ 18,315కి కిందికి పోకుండా చూసుకోండి, రోజువారీ పుస్తకంలో "పరాయి సొమ్ము" అని విడిగా ఒక వరస రాయండి. దీని మీద వచ్చే పొదుపు వడ్డీ నెలకు ఏ 40 రూపాయలో. అది ఎవరిదన్న చర్చ అక్కర్లేదు, ఆలస్యం చేయకపోతే చాలు.

హుండీ మాటకు వస్తాను. మీ బావమరిది చెడ్డ ఉద్దేశంతో అని ఉండడు. మన ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఆ ఆలోచన మొదట రావడం సహజం. కానీ ఆ మాట తప్పు, గట్టిగా చెప్పాల్సినంత తప్పు. మనవాళ్లు దీన్నే "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అన్నారు. మీది కానిది మీరు స్వామికి ఎలా ఇస్తారు? ఇచ్చే హక్కు ఉన్నవాడు ఆ పెద్దాయన. ఆయన ఆ డబ్బుతో ఊరికి తిరిగి వెళ్లాలేమో, మందులు కొనాలేమో. మొక్కు తీర్చుకోవడానికి కొండకు వచ్చిన మనిషి జేబులోంచి తీసి, ఆయనకు చెప్పకుండా ఆయన దేవుడికే వేస్తే అందులో భక్తి ఎక్కడుంది?

కొండ మీద ఉన్న స్వామి సంగతే చూడండి. తన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఈనాటికీ వడ్డీ కడుతున్నాడని మనం నమ్మే దేవుడు ఆయన. వడ్డికాసులవాడని పిలుచుకునేది అందుకే. ఆ బాకీని ఆయన ఎవరికో దానం చేసి తీర్చుకోలేదు, ఇచ్చినవాడికే కడుతున్నాడు. కాణిపాకం స్థలపురాణం కూడా ఇదే చెబుతుంది. లిఖితుడు ఆకలికి తాళలేక పరాయి తోటలో మామిడిపండు కోసుకు తిన్నాడు. అన్న శంఖుడు అతన్ని "నదిలో మునిగి పాపం పోగొట్టుకో" అనలేదు, రాజు దగ్గరికి తీసుకెళ్లాడు. శిక్షగా చేతులు పోయాయి. ఆ తర్వాతే ఏట్లో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి, ఆ ఏటికి బాహుదా అని పేరు వచ్చింది. ముందు లెక్క తేలింది, పుణ్యం తర్వాత వచ్చింది. ఆ వరస తిరగేస్తే కథే లేదు.

లౌకికంగా చూసినా హుండీ మార్గం మిమ్మల్ని ఇరికిస్తుంది. హుండీలో వేసినదానికి రసీదు ఉండదు, వేశాక తిరిగి అడిగేదీ ఉండదు. పెద్దాయన మూడు నెలల తర్వాత పాస్‌బుక్ చూసుకుని బ్యాంకుకు పోతే, మీరు 18,315 మళ్లీ సొంత డబ్బులోంచి కట్టాలి. "దేవుడికి వేశాను" అన్నది ఏ బ్యాంకూ, ఏ కోర్టూ ఒప్పుకునే జవాబు కాదు.

ఒక్క సందర్భంలో హుండీ సరైన దారే. మీరు ఫోన్ చేసినప్పుడు పెద్దాయనే "ఉండనివ్వండి, నా పేరున స్వామికి వేసేయండి" అనొచ్చు. యాత్రికులు అలా అంటారు. అప్పుడు ఆ మాట మెసేజీగా రాసి పంపమనండి. దేవస్థానం ఈ-హుండీ ద్వారా ఆయన పేరుతోనే వేసి ఆ రసీదు ఆయనకు పంపండి. ఆయన కానుకను మీరు చేరవేసినట్టు, అంతే. ఎంతోకొంత మీరు ఉంచుకోండి అని ఆయన అంటే తీసుకోవడం తప్పు కాదు. మీ అంతట మీరు "నా శ్రమకు" అని కోసుకోవడం మాత్రం తప్పు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పొరపాటున చెల్లించిన డబ్బును తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది. పంపినవాడి అజాగ్రత్త అన్న సాకు దానికి అడ్డు రాదు. పరాయిదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ ప్రకారం శిక్ష ఆరు నెలలకు తగ్గదు, రెండేళ్ల దాకా పోవచ్చు, జరిమానా అదనం. పాత ఐపీసీ 403లో జరిమానాతో సరిపెట్టే వీలుండేది. దొరికిన సొమ్ముకు కూడా ఇదే సెక్షన్. యజమాని తెలిసినా, తెలుసుకునే దారి ఉన్నా వాడుకుంటే నేరమే. వెతకడానికి తగిన ప్రయత్నం చేయకుండా, తగినంత కాలం ఉంచకుండా వాడుకున్నా నేరమే. తగినంత అంటే ఎన్ని రోజులన్నది చట్టం చెప్పలేదు. రోడ్డు మీద ఎవరిదో తెలియని రూపాయి బిళ్ల దొరికితే తీసుకోవడం నేరం కాదని మాత్రం ఉదాహరణ ఇచ్చింది. యూపీఐలో ఆ రూపాయి బిళ్ల వాదన చెల్లదు. ప్రతి లావాదేవీకీ పేరూ నంబరూ ఉంటాయి కాబట్టి యజమాని దొరకకపోవడం అన్నది దాదాపు ఉండదు.

నగదు విషయంలో ఇలాంటి ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవాళ్ల కోసం రెండు మాటలు. బ్యాంకు కౌంటరులో ఎక్కువ వస్తే అదే రోజు, క్యాష్ ముగించేలోపే వెళ్లి ఇవ్వండి. వంద నోట్ల కట్ట అడిగితే ఐదొందల కట్ట చేతిలో పడిందంటే తేడా 40,000. ఆ సాయంత్రం లెక్క తగ్గితే చాలాచోట్ల క్యాషియరు జేబులోంచే పోతుంది. బ్యాంకు సొమ్ము అనుకుని ఊరుకున్నవాళ్లు నిజానికి ఒక ఉద్యోగి జీతంలోంచి తీసుకున్నట్టు. ఏటీఎం మూతిలో ఎవరో వదిలిన నోట్లు కనబడితే గది బయట ఉన్న మనిషికి ఇవ్వకుండా, టైము, ఏటీఎం మీద రాసి ఉన్న నంబరు రాసుకుని ఆ బ్యాంకు శాఖలో ఇవ్వండి. మెట్లదారిలోనో బస్టాండులోనో పర్సు దొరికితే ఒంటరిగా విప్పొద్దు. ఇద్దరి ఎదుట లెక్కపెట్టండి. లోపల దర్శనం టికెట్టు ఉంటే పేరు, తేదీ తెలుస్తాయి, ఆ మనిషి ఇంకా కొండ మీదే ఉన్నాడో లేదో ఊహించొచ్చు. గది రసీదు ఉంటే ఇంకా మేలు. వాట్సాప్ గ్రూపుల్లో పెడితే "పర్సు దొరికింది" అని మాత్రమే పెట్టండి. రంగు, లోపల ఎంత ఉంది, ఎవరి ఫొటో ఉంది అన్నవి మీ దగ్గరే దాచుకోండి. అడగడానికి అవే ప్రశ్నలు. పోలీసు స్టేషన్‌లో అప్పగిస్తే, వాళ్లు రోజూ రాసే జనరల్ డైరీలో ఎక్కిన నంబరు అడిగి తీసుకోండి. రైలులో అయితే స్టేషన్ మాస్టరు లేదా 139, బస్సులో అయితే కండక్టరు, ఆ తర్వాత డిపో. ఎంత వెతికినా యజమాని తేలని నగదును చివరకు అన్నప్రసాదానికో మరో ధర్మానికో ఇవ్వాలనుకుంటే రసీదు తీసుకోండి. ఆ రసీదు చూపి మీ ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే తగ్గింపు మాత్రం అడగొద్దు, దానం చేసింది మీ డబ్బు కాదు.

ఇక చిత్తూరు నోటు. మీ లాయరు చెప్పింది చట్టప్రకారం సరే. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. అయితే ముందు నోటు వెనక చూడమనండి. మూడేళ్లు నిండకముందే నాన్న కొంత కట్టి "జమ" అని సంతకం చేసి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఏ జమా లేకపోతే చిత్తూరాయన కోర్టుకు పోయి గెలవలేడు. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత, తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో మీ మీదికీ రాలేడు. వారసులకు బాధ్యత నాన్న ఆస్తి ఎంత వచ్చిందో అంతవరకే.

కానీ కాలదోషం దావా వేసే హక్కుకే పడుతుంది. తీసుకున్న డబ్బు తీసుకున్నట్టే ఉంటుంది. చట్టానికీ ఈ తేడా తెలుసు. గడువు దాటిన అప్పును తీరుస్తానని మీరు రాసి సంతకం పెడితే, అదే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ మాట కొత్తగా చెల్లుతుంది. అప్పు చచ్చిపోయి ఉంటే ఇలా బతికేది కాదు. ఆ 60,000తో నాన్న ఏం చేశారో మీకు తెలిసే ఉంటుంది: మీ చదువో, చెల్లెలి పెళ్లో, బోరో. ఆ ఫలం మీ ఇంట్లో ఉంది. "మూడేళ్లు అడగలేదు కదా" అంటారా? చిత్తూరాయన ముఖమాటానికి అడగలేదేమో, నాన్న జబ్బున పడ్డారని ఆగాడేమో. మంచితనం వల్ల గడువు దాటనిచ్చినవాడికి ఆ మంచితనమే నష్టం కాకూడదు.

వడ్డీ దగ్గర మాత్రం మీరు మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా. నూటికి రెండు లెక్కన ఎనిమిదేళ్లకు 1,15,200 అవుతుంది, అసలుకు దాదాపు రెట్టింపు. అసలును మించి వడ్డీ పెరగకూడదన్నది మన ధర్మశాస్త్రాల్లోనూ ఉన్న హద్దు. అసలు మీద బేరం వద్దు. వడ్డీలో ఎంత ఇవ్వగలరో దాపరికం లేకుండా ముందే చెప్పండి. చాలామంది అసలు చేతికి వస్తే వడ్డీలో పెద్దభాగం వదులుకుంటారు. వదలకపోతే నెలవారీగా కట్టండి. ఒక జాగ్రత్త: మొత్తానికి కలిపి కొత్త నోటు మీద సంతకం పెట్టొద్దు. అలా పెడితే ఒప్పుకోని వడ్డీతో సహా కొత్త మూడేళ్ల గడువు మొదలవుతుంది. ఎంతకు ఒప్పుకున్నారో అంత మాత్రమే కాగితం మీద ఉండాలి.

"నాన్న తీర్చేశారేమో" అని ఇంట్లో ఎవరైనా అంటే, కాణిపాకం వెళ్లి ప్రమాణం చేయిద్దాం అన్న మాట లేచే ముందే పాత డైరీలు, బ్యాంకు పుస్తకాలు, నోటు మీద సాక్షి సంతకం పెట్టినవాళ్లను చూడండి. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం అంటే మన ప్రాంతంలో తేలిక మాట కాదు. చేయమని అడిగిన క్షణానే ఎదుటివాణ్ని దొంగ అన్నట్టు అవుతుంది, అది తర్వాత ఏ చెల్లింపుతోనూ మానదు. కాగితాల్లో ఆధారం దొరకకపోతే నోటు ఆయన చేతిలో ఉండటమే బలమైన గుర్తు. తీరిన నోటును అప్పిచ్చినవాడి దగ్గర ఎవరూ ఉంచరు.

మీతోపాటు ఆస్తి తీసుకున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాటా ప్రకారం అడగండి. వాళ్లు కాదంటే మీ వాటా మీరు కట్టండి, వాళ్లు ఒప్పుకునేదాకా ఆగొద్దు. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తిరిగి కట్టడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కాబట్టి బ్యాంకు ద్వారానే వేయండి. ఆఖరి వాయిదా రోజున మనిషి ఎదుట కూర్చుని నోటు చేతికి తీసుకోండి. దాని వెనక "అసలు, ఒప్పుకున్న వడ్డీ పూర్తిగా ముట్టినది, చెల్లు" అని తేదీతో ఆయన చేత రాయించి, సంతకం, ఒక సాక్షి సంతకం పెట్టించుకోండి. నోటు పోయిందని ఆయన అంటే అదే మాట వేరే కాగితం మీద, నోటు తేదీ, మొత్తం, ఇకపై ఆ నోటు ఎక్కడ దొరికినా చెల్లదన్న వాక్యంతో రాయించుకోండి. చిత్తూరాయన లేకపోతే ఆయన భార్య, పిల్లలు అందరి సంతకాలూ ఉండాలి. ఒక్క కొడుకు చేతిలో పెట్టి రాకండి.